మా కోడలి వీసా ముచ్చట



మొన్న బాయికాడ స్టార్టర్ డబ్బా విప్పుకొని కూసున్న టైముల మన మండలపోళ్లే ఒక అన్న ఫోన్ చేసిండు. పత్తిల గులాబీ పురుగు గురించి అడుగుతడనుకున్న. ఆయన అడిగింది వేరే. "మా పోరడు పోలండ్‌ల పనిచేస్తుండు గదా, ఆడి పిల్లనే చేసుకుంటడట. ఊరికి తీసుకొస్తడట. నీకు ఎరికనే గదా, ఎన్ని రోజులు పడతది?" అన్నడు.

నాకు నవ్వొచ్చింది. "రోజులల్ల లెక్కవెట్టకు అన్నా, పంటలల్ల లెక్కవెట్టుకో" అన్న. సగం చెప్పంగనే కరెంటొచ్చింది, ఫోన్ పెట్టేసిన. చెప్పాల్సింది మిగిలిపోయింది. అందుకే ఇయ్యాల పంట ముచ్చట పక్కకు పెట్టి ఇది రాస్తున్న. జర పెద్దగనే ఉంటది, తీరిక ఉన్నప్పుడు చదువుండ్రి.

వీసా అంటే మనకు తెలిసింది ఒక్కటే. పిల్లలు అమెరికా పోవాలె, దానికోసం చిల్కూరు బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు తిరగాలె, వచ్చినంక పోయి నూటెనిమిది తిరగాలె. బయటికి పోయే వీసాకు మొక్కినోళ్లు మన రఘునాథపల్లిల ఇంటికొకరు ఉంటరు. బయట పుట్టిన పిల్ల మన ఇంట్ల ఉండే వీసాకు మొక్కిందేమో మా ఇంటిదే. ఆ నూటెనిమిది ఎప్పుడు తిరిగిందో తరువాత చెప్త.

మా చిన్నోడు 2014ల దుబాయ్ పోయిండు. హోటల్‌ల పని. ఆడనే ఫిలిప్పీన్స్ పిల్లతోని పరిచయమైంది. మాకు 2018ల చెప్పిండు. నేను నెల రోజులు మాట్లాడలే. కులం కాదు, మతం కాదు, భాష కాదు, దేశమే కాదాయె. చివరికి వాడే ఒకరోజు ఫోన్‌ల "నాయినా, వాళ్లది సుతం రైతు కుటుంబమే, ఇలోయిలో అనే దగ్గర రెండెకరాల వరి" అన్నడు. ఏ రకం వేస్తరని అడిగిన. అట్ల మాట కలిసింది.

ఆ పిల్ల ఫోన్‌ల నన్ను "తాతాయ్" అని పిలిచింది. మా ఇంటిది మండిపడ్డది. "ఇంక పెండ్లే కాలే, అప్పుడే నిన్ను తాతను చేసిందా" అని. తరువాత తెలిసింది, వాళ్ల భాషల తాతాయ్ అంటే నాయిన అట.

వరి అన్న కాబట్టి ఒక మాట చెప్పి ముందుకు పోత. మన పాతోళ్లకు ఐఆర్-8 గుర్తుంటది. అది ఫిలిప్పీన్స్‌ల లాస్ బాన్యోస్ అనే ఊర్ల ఉన్న అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966ల విడుదల చేసింది. మన దేశంల దాన్ని ముందుగాల పెద్ద ఎత్తున పండించినోళ్లల్ల పశ్చిమ గోదావరి ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు ఒకరు. ఆయనకు మిస్టర్ ఐఆర్-8 అని పేరే పడ్డది. తరువాత ఐఆర్-64 వచ్చింది ఆన్నుంచే. మనం యాసంగిల పోసే వెయ్యిపది ఉన్నది చూడుండ్రి, మార్టేరుల దాన్ని కృష్ణవేణికి, ఐఆర్-64కు సంకరం చేసే తీసిండ్రు. అంటే మా వియ్యపురాలి దేశపు గింజ మా పొలంల ఎన్నో ఏండ్ల నుంచి ఉన్నది. ఆ గింజను మేము ఎన్నడూ ఏ దేశపుదానివని అడగలే.

ఇగ అసలు సంగతి.

2019 డిసెంబర్ చివరల ఇద్దరూ వచ్చిండ్రు. ఆ పిల్లకు 30 రోజుల ఈ-టూరిస్ట్ వీసా. ఆన్‌లైన్‌ల తీసుకున్నది, ఇబ్బందేం లేదు. వచ్చినంక మా పెద్దోళ్ల చేతులు వంగి తన నొసటికి ఆనించుకున్నది. వాళ్ల దగ్గర పెద్దోళ్లకు దండం అట్లనే పెడ్తరట. మా అమ్మకు తొంభై ఏండ్లకు దగ్గర, ఆ దెబ్బకే కరిగిపోయింది. జనవరిల నాట్లు పడుతున్నయ్, కూలోళ్లతోని మడిల దిగి వరుస తప్పకుండ నాటు పెట్టింది. ఇగ ఊర్ల నోరెత్తినోళ్లు లేరు. సంక్రాంతి ముందర మా గుళ్లె పెండ్లి చేసినం. ఊరంత అన్నం తిన్నది.

మూడో రోజు పోలీసాయన వచ్చిండు. నేను భయపడ్డ. ఆయనేమో మంచిగనే, "పెద్దమనిషీ, విదేశీయులు ఇంట్ల ఉంటే 24 గంటలల్ల ఫారం-సి ఆన్‌లైన్‌ల పెట్టాలె, నువ్వు పెట్టలే" అన్నడు. లాడ్జీలకే అనుకున్న, ఇండ్లకు సుతం ఉన్నదట. ఇది గుర్తువెట్టుకోండ్రి. కోడలైనా, కోడలి తల్లి చూడవచ్చినా, విదేశీ పాస్‌పోర్టు ఉంటే పెట్టాలె.

ఆ తరువాత పెండ్లి రిజిస్టర్ చేపిద్దామని ఒక ఆఫీసుకు పోయినం. గుళ్లె పెండ్లి ఫోటోలు, శుభలేఖ, అన్నీ పట్టుకపోయినం. ఆడ కూసున్నాయన అడిగిండు, "అమ్మాయి హిందువా?" కాదు, క్రైస్తవురాలు. "ఐతే హిందూ వివాహ చట్టం కింద కాదు" అని కాగితాలు వెనక్కి నూకిండు.

అప్పుడు నాకు కోపమొచ్చింది గని, ఆ ఒక్క మాట ఆయన సరిగ్గనే చెప్పిండు. హిందూ వివాహ చట్టంకు ఇద్దరూ హిందువులై ఉండాలె. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కేసు ఒకటి సుప్రీంకోర్టు దాక పోయింది. హిందూ అమ్మాయి, క్రైస్తవ అబ్బాయి గుళ్లె పుస్తె కట్టుకొని, హిందూ చట్టం కింద రిజిస్టర్ సుతం చేపించుకున్నరు. అయినా చెల్లదని 2008 డిసెంబర్‌ల కోర్టు తేల్చింది. ఊరంత అన్నం తిన్న పెండ్లి సర్కారు లెక్కల పెండ్లి కాదన్నట్టు.

మరి దారేంది? 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. దీంట్ల రెండు తొవ్వలున్నయ్. కొత్తగ పెండ్లి చేసుకునే తొవ్వ ఒకటి. దానికి ఇద్దరిల ఒక్కరు ఆ జిల్లాల 30 రోజులుంటే చాలు, నోటీసు ఇస్తే అది 30 రోజులు బోర్డు మీద ఉంటది, అభ్యంతరాలు లేకుంటే ముగ్గురు సాక్షులతోని పెండ్లి. రెండోది, ఇదివరకే అయిన పెండ్లిని రిజిస్టర్ చేసుకునే తొవ్వ. దానికి ఇద్దరూ 30 రోజులుండాలె, ఆపైన ఇంకో 30 రోజులు నోటీసు. మాకేమో రెండూ కలిపి కిచిడీ చేసి "ఇద్దరూ రెండు నెలలుండాలె, ఆ తరువాత రా" అని చెప్పిండ్రు. వీసా ఉన్నది 30 రోజులు. అండ్ల సగం అయిపోయినయ్. ఏ తొవ్వలైనా అప్పుడు అందేది కాదు గని, తెలిసి ఉంటే మళ్లొచ్చేటప్పుడన్న లెక్క సరిగ్గ వేసుకునేటోళ్లం. "ఎండకాలం సెలవు పెట్టుకొని వస్తం నాయినా" అన్నరు. జనవరి చివరల ఇద్దరూ దుబాయ్ పోయిండ్రు.

ఎండకాలం ఏమొచ్చిందో మీకు తెలుసు.

మార్చిల కరోనా. వీసాలన్నీ బంద్. హోటల్ మూసిండ్రు. ఇద్దరి పనీ పోయింది. అప్పటికే ఆ పిల్ల నీళ్లు పోసుకున్నది. అప్పట్ల ఆ దేశంల పెండ్లి సర్టిఫికెట్ లేకుండ కాన్పు అంటే కేసు. దవాఖానల మొదలు అడిగేది అదే కాగితం. మా దగ్గర ఉన్నదేమో గుళ్లె తీసిన ఫోటోలు. వందే భారత్ విమానంల జూన్‌ల మావోడు ఇంటికొచ్చిండు, ఆమె వాళ్ల దేశం పోయింది. ఒకే విమానాశ్రయంల రెండు దిక్కులకు.

అక్టోబర్‌ల ఇలోయిలోల మనుమరాలు పుట్టింది. మావోడు మక్కకంకులు ఇరుస్తుండె, ఫోన్ వచ్చింది, చేన్లనే కూలబడ్డడు. ఆ ఫోన్‌ల బొమ్మ సరిగ్గ కనబడక గట్టు మీదికెక్కి సిగ్నల్ కోసం తిరిగినం. పాప కాగితంల తండ్రి పేరు రాయించేటందుకు సుతం మావోడు సంతకం పెట్టిన కాగితాలు ఢిల్లీల వాళ్ల ఎంబసీకి పంపాల్సొచ్చింది.

అదే నెల, 2020 అక్టోబర్ 22న, మన కేంద్ర హోంశాఖ టూరిస్ట్ వీసా తప్ప తక్కినయన్నీ తెరిచింది. భారతీయుని భార్యకు ఎక్స్ వీసా అని ఒకటుంటది, ఎంట్రీ వీసా. అది ఇయ్యచ్చు. దానికేం కావాలె? పెండ్లి సర్టిఫికెట్. పెండ్లి సర్టిఫికెట్‌కు ఏం కావాలె? ఆమె ఇక్కడికి రావాలె. రావాలంటే? టూరిస్ట్ వీసా. అది బంద్. మా అన్న కొడుకు వకీలు దగ్గర పనిచేస్తడు, ఇది విని "కాకా, ఇది కోడి ముందా గుడ్డు ముందా" అన్నడు. నేనైతే కోడీ లేదు, గుడ్డూ లేదు, గంప మాత్రం నా నెత్తిన ఉన్నదన్న.

టూరిస్ట్ వీసాలు మళ్ల తెరిచింది 2021 నవంబర్ 15న. ఈ-వీసా మామూలుగ దొరుకుడు 2022 మార్చి దాక కాలే. ఆ ఏడాదిన్నర మా ఇల్లు ఎట్లుండెనో రాయను. మావోడు ఎవలతోని మాట్లాడకపోతుండె. రాత్రి బాయికాడికి పోయి పండుకునేది, వాళ్ల దగ్గర పొద్దు మనకంటే రెండున్నర గంటలు ముందు, తెల్లారకముందే ఫోన్‌ల పాపను చూసేటోడు. ఒకసారి ఆ ఫోన్ బాయిల పడ్డది. మోటర్ బంద్ చేసి ఇద్దరం దిగి దేవులాడినం, దొరకలే. వడ్ల పైసలతోని కొత్తది కొనిచ్చిన. అప్పు తీర్చాల్సిన పైసలు అవి.

అప్పట్ల నేను ఒకటి తెలుసుకున్న. మనలెక్క తండ్లాడిన రైతులు ఇంకోచోట సుతం ఉన్నరు. వందేండ్ల కింద పంజాబ్ నుంచి పోయిన రైతులు కాలిఫోర్నియాల ఇంపీరియల్ వ్యాలీల పత్తి, పుచ్చకాయ సాగు చేసిండ్రు. 1917ల అమెరికా చట్టం చేసి ఇండియా నుంచి మనుషులు వచ్చుడే బంద్ పెట్టింది. ఊర్ల పెండ్లాలు ఊర్లనే ఉండిపోయిండ్రు. 1923ల భగత్ సింగ్ థింద్ కేసుల వాళ్ల సుప్రీంకోర్టు ఇండియావోళ్లు పౌరులు కారాదన్నది. పౌరులు కారానోళ్లు భూమి కొనరాదని కాలిఫోర్నియాల 1913 నుంచే చట్టం. అట్ల చిక్కుకున్నోళ్లల్ల చానామంది మెక్సికో ఆడోళ్లను పెండ్లి చేసుకున్నరు. వాళ్ల ఇండ్లల్ల రొట్టెలు, పిల్లలకు స్పానిష్ పేర్లు. 1946ల చట్టం మారిందాక అంతే. అప్పుడు సుతం ఏడాదికి వందమందికే కోటా. దస్కత్ ఒకడు పెడ్తడు, ఇంకోడు ముసలోడైతడు.

సరే, 2022 ఏప్రిల్. యాసంగి వడ్లు కొంటరా కొనరా అని ఢిల్లీల ధర్నా దాక పోయిన ఏడు అది, యాదికుండాలె. కల్లంల వడ్లు, కండ్లల్ల కోడలు, రెండిటికీ ఎదురుచూసుడే. ఏప్రిల్ 18న శంషాబాద్‌ల దిగిండ్రు. ఏడాది వీసా గని, ఒక్కసారికి 90 రోజులే ఉండాలె, పెంచరు. పాపకు ఏడాదిన్నర. నన్ను చూసి ఏడ్చింది. నా మీసాలు చూసి.

ఈసారి నేను ఆదమరువలే. ఇంటికి రాంగనే ఫారం-సి. కొత్తగ పెండ్లి చేసుకునే తొవ్వే పట్టినం, ఎందుకంటే మావోడు జిల్లాల రెండేండ్ల నుంచి ఉన్నడు, ఒక్కరుంటే చాలు. ఆమె పెండ్లికి అర్హురాలని ఢిల్లీల వాళ్ల ఎంబసీ కాగితం ఇయ్యాలె. దానికి, ఇదివరకు పెండ్లి కాలేదని వాళ్ల దేశపు ఆఫీసు సర్టిఫికెట్ కావాలె. అది ముందే తెచ్చుకున్నది. రైలెక్కి ఢిల్లీ పోయొచ్చిండ్రు. అయినా పది రోజులు పోయినయ్. నోటీసు మే మొదటి వారంల పడ్డది. బోర్డు మీద ఇద్దరి ఫోటోలు.

ఆ 30 రోజులు నేను వారానికి రెండుసార్లు పోయి ఆ బోర్డు చూసొచ్చేటోణ్ణి. కాగితం ఊడిందా, ఎవడన్న చింపిండా అని. మా చుట్టంల ఒకాయన, పేరు వద్దు, "అభ్యంతరం పెడ్త, కులం చెడ్డది" అన్నడు. నేను చట్టం కాగితం ముందర పెట్టిన. అభ్యంతరం పెట్టాలంటే ఇదివరకే భార్యో భర్తో బతికి ఉండాలె, లేకుంటే మతి సరిగ్గ ఉండొద్దు, లేకుంటే మగోనికి 21, ఆడపిల్లకు 18 నిండకపోవాలె, లేకుంటే వరుస కాకపోవాలె. అండ్ల కులం లేదు. "వరుస కాదు" అన్నడు. ఫిలిప్పీన్స్‌తోని మనకు ఏం వరుస బావా అన్న. సాక్షి సంతకం ఆయనతోనే పెట్టించిన.

ఇంకొకరు "విడిచిపెట్టి పోతది" అన్నరు. వాళ్ల దేశంల ముస్లింలకు తప్ప విడాకుల చట్టమే లేదు. ఆ మాట చెప్తే మావోడే జర బిత్తరపోయిండు.

జూన్ రెండో వారం, మిరుగు పడ్డది. పొద్దుగాల పత్తి గింజలు పెట్టి, కాళ్లకు మట్టి కడుక్కొని పోయి సంతకాలు పెట్టినం. పాప తల్లిదండ్రుల పెండ్లికి సాక్షుల పక్కన కూసొని బిస్కెట్ తిన్నది. ఆ సర్టిఫికెట్ నేను లామినేషన్ చేపించబోతే వకీలు వద్దన్నడు. చేపించకుండ్రి, తరువాత ముద్రలు వేయాల్సుంటది.

ఇగ మిగిలింది టూరిస్ట్ వీసాను ఎక్స్ వీసాగ మార్చుడు. భారతీయుణ్ణి పెండ్లి చేసుకుంటే దేశం విడిచిపోకుండనే మార్చుకునే వీలున్నది. ఈ-ఎఫ్ఆర్ఆర్ఓ అని ఆన్‌లైన్‌లనే. సర్టిఫికెట్, పాస్‌పోర్టులు, ఇద్దరి జోడు ఫోటో, ఇంటి రుజువు. ఆపైన పోలీసులు వచ్చి నిజంగ కలిసి ఉంటున్నరా అని విచారణ చేస్తరు. మా పక్కింటామెను అడిగితే ఆమె, "ఉంటుందా అంటరేంది సారూ, మొన్న మా బర్రెకు ఆమెనే పాలు పిండింది" అన్నదట. రిపోర్ట్‌ల బర్రె సంగతి రాసిండ్రో లేదో తెల్వదు.

జూలైల వానలు. గోదారి భద్రాచలం కాడ పొంగిన వానలు అవి. మా పత్తి మొలకలు సగం మురిగినయ్. 90 రోజుల గడువు ఇంకా నాలుగు రోజులుందనంగ మావోని ఫోన్‌కు మెయిల్ వచ్చింది, మంజూరైందని. మావోడు నాకు చెప్పలే. తడుసుకుంట పోయి బాయి గట్టు మీద కూసున్నడు. మా ఇంటిది ఆ వారమే చిల్కూరు పోయి నూటెనిమిది తిరిగొచ్చింది, వానలనే. మోకాళ్లు ఇప్పటికీ నొప్పులే.

ఓసీఐ కార్డు సంగతి అడుగుతరు కాబట్టి చెప్త. పెండ్లి రిజిస్టరై రెండేండ్లు నిండాలె. గుళ్లె పెండ్లి లెక్కకు రాదు. మాకు 2020 జనవరి నుంచి కాదు, 2022 జూన్ నుంచి మొదలైంది. 2024 జూన్‌ల పెట్టినం, ఫీజు 15,000. ఆ ఏడు పత్తి ఏరేటప్పుడు కార్డు వచ్చింది. పాపకు సుతం తీసుకున్నం. పాప విషయంల నా తప్పు ఒకటున్నది. విదేశంల పుట్టిన బిడ్డను ఏడాదిలోపు మన ఎంబసీల నమోదు చేపిస్తే, వేరే దేశం పాస్‌పోర్టు లేకుంటే, పుట్టుకతోనే మన పౌరసత్వం అడిగే వీలున్నది. ఆ ఏడాది మేము వేరే బాధలల్ల ఉన్నం, ఎవలూ చెప్పలే, నేనూ అడగలే. పోలండ్ అన్నకు ఇది ముందుగాల చెప్పాలె.

ఇంకొక మాట, ఇది రైతులకే. నాకున్నది నాలుగెకరాల పది గుంటలు. మావోడు ఇప్పుడు హైదరాబాద్‌ల పనికి పోతుండు, ఇంటికాడ పొలం చూసేది నేనూ, కోడలూ. ఎకరం ఆమె పేర రాద్దామనుకున్న. రాయరాదు. ఓసీఐ ఉన్నోళ్లు వ్యవసాయ భూమి కొనరాదు, బహుమతిగ రాయించుకోరాదు. వారసత్వంగ వస్తేనే. ఓటు సుతం లేదు. ఆమె మన పౌరసత్వం అడగాలంటే ఈడ ఏడేండ్లు ఉండాలె, వాళ్ల పాస్‌పోర్టు వదులుకోవాలె. ఆమె తల్లి బతికున్నంతవరకు వద్దన్నది. నేను బలవంతం చేయలే. కాబట్టి పాస్‌బుక్ నా పేరే, నాట్లు ఆమెవి.

2025 మార్చి ఆఖరుకు మన తెలంగాణ బియ్యం 12,500 టన్నులు కాకినాడ పోర్టు నుంచి ఫిలిప్పీన్స్‌కు పోయినయ్, వెయ్యిపది రకం. టీవీల చూసి కోడలు వాళ్ల అమ్మకు ఫోన్ చేసింది, "మా మామ వడ్లు వస్తున్నయ్, కొనుండ్రి" అని. మా వడ్లు ఏ మిల్లుకు పోయినయో నాకే తెల్వదు గని, నేను కాదనలే.

ఆ అన్న ఆదివారం వస్తనన్నడు. కాగితాలన్నీ వరుసగ జిరాక్స్ తీసి పెట్టిన. ఇంకెవలకన్న ఇట్లాంటిది ఉంటే వచ్చుండ్రి, పొద్దుగాల ఏడు దాక ఇంట్లనే ఉంట, తరువాత బాయికాడ. చాయ్ కోడలు పెడ్తది. చక్కెర ఎక్కువ ఏస్తది, ముందే చెప్తున్న.